అచ్చులు పగిలాక

తమ్ముడు ప్రభాకరన్‌కు,

తూత్తుకుడి నుంచి నువ్వు పంపిన సంచి అందింది. చేపలు కొరికేసిన ప్లాస్టిక్ ఎరలను ఇక ఏరి పంపవద్దు.

బాణసంచా ఫ్యాక్టరీ మందుపొడి మీ బావ ఊపిరితిత్తులను తినేశాక, ఆ పాత ఎరలను కరిగించి, తాను చేసిన ప్లాస్టర్ అచ్చుల్లో పోసి, నీ గాలానికి మెత్తటి కొత్త ఎరలు చేయడమొక్కటే ఆయనకు మిగిలింది. వాటి తోకలు నీళ్లలో ఆడుతుంటే చూసి నవ్వేవారు. కానీ ప్లాస్టిక్ పొగకు దగ్గు ఎక్కువైంది. పొగ తగలకూడదని కోవిల్‌పట్టి డాక్టర్ చెప్పారు. ఎంత చెప్పినా ఈయన వినలేదు. కోపం పట్టలేక అచ్చులన్నీ పగలగొట్టాను.

ఆయన తిట్టలేదు. "ఇంక నా చేతికి ఏం పనుండాది?" అన్నారు. ఆ తర్వాత మాట్లాడడమే మానేశారు.

నిన్న మళ్లీ చూపించడానికి తీసుకెళితే, డాక్టర్ నన్ను పక్కకు పిలిచారు. "ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయమ్మా. ఇప్పుడు పొగ మానినా లాభం లేదు" అన్నారు.

ఇంటికి రాగానే ప్లాస్టర్ పొడి నీళ్లలో కలిపి ఆయన ముందు పెట్టాను. "అచ్చు చెయ్యండి మామా, పొయ్యి నేనే ఎలిగిస్తా" అన్నాను.

గిన్నెలో అది గట్టిపడేదాకా చూస్తూ కూర్చున్నారు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

నీ అక్క