ఆగే చోటు

బతు బస్తీ,
నవంబరు నెల.

నా రత్నానికి,

ఇక్కడ మన దీవిలో నేను బాగానే ఉన్నాను. నీ చెల్లెలు కామమ్మకి తుంటి ఆపరేషను బాగా జరిగిందని నువ్వు ఫోనులో చెబితే నేను "ఊ" అని ఊరుకున్నాను. తను లేచి కూర్చుంటోందా, నువ్వు ఆసుపత్రిలో ఎక్కడ పడుకుంటున్నావు, ఇవన్నీ అడగాలనుకున్నాను. ఫోను చెవి దగ్గర పెడితే నా మాట గొంతులోనే నిలబడిపోతుందని నీకు తెలుసు. అందుకే కాగితం తీశాను. కాగితం మీద నాకు నత్తి లేదు. ఉత్తరం నువ్వే కూడబలుక్కుని చదువుకో. కామమ్మకి పైకి చదివి వినిపించకు.

ఒక సంగతి. మన వీధి నాటకాల్లో రాజు వేషాలు వేసిన బంగారురాజు లేడూ, అతని కూతురు శ్రీలక్ష్మి వచ్చింది. ఇప్పుడు బళ్లో టీచరు. తొమ్మిదో తరగతి పిల్లలచేత బడి పండక్కి తెలుగు నాటకం ఆడించాలట. "నాన్న పోయాక ఆ నాటకాలు తెలిసింది నీ ఒక్కడికే బాబాయ్" అంది. నిజమే. పుస్తకాలు చెమ్మకి పోయాయి. అన్ని ఏళ్లు తెర వెనక నిలబడి మాట అందించినవాణ్ణి కాబట్టి నాకు అవి నోట్లో మిగిలాయి. గుసగుసగా చెప్పేటప్పుడు నాకు నత్తి రాదు. అది దేవుడిచ్చిన వెసులుబాటు. కానీ పిల్లల ముందు గుసగుసలు పనికిరావు కదా. నేను తల అడ్డంగా ఊపాను.

"నువ్వు మాట్లాడక్కర్లేదు బాబాయ్. నాటకం మాట్లాడితే చాలు" అంది.

నువ్వుంటే నా తరఫున ఏదో ఒకటి చెప్పేసి పంపేదానివి. నువ్వు లేవు. సరేనన్నాను.

బడికి వెళ్లాలంటే గోల్ ఘర్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకోటి. పిల్లలు మంచివాళ్లు. అందరూ మనవాళ్లే, తెలుగు గలగలా మాట్లాడతారు. చదవడం రాదు. శ్రీలక్ష్మి నా దగ్గర విని నాటకాన్ని హిందీ అక్షరాల్లో రాసి ఇస్తే రేడియోలో వార్తలు చదివినట్టు చదివారు. ఇది కాదని కాగితాలు పక్కన పెట్టించాను. నేను ఒక మాట చెప్తాను, వాళ్లు నా వెనక చెప్తారు. కేథరిన్ అని ఒక పిల్ల ఉంది. చర్చిలో తెలుగు పాటలన్నీ పుస్తకం లేకుండా పాడుతుందట, అన్నీ విని నేర్చినవే. పెద్ద చేప పంచాయితీ నాటకం నీకు గుర్తుందా? ఇద్దరి వలల మధ్య ఒకే చేప పడితే తగవు. అందులో తీర్పు చెప్పే ముసలమ్మ వేషం ఆ పిల్లకి ఇచ్చాను. తగవులో గట్టిగా అరిచేవాడు వీరేంద్ర.

నా మాట ఆగినప్పుడు ఒక్కరూ నవ్వలేదు. నోళ్లు తెరుచుకుని నన్నే చూస్తూ ఉంటారు. ఎంతసేపైనా చూస్తారు. నాకు ఎండలో నడిచొచ్చి నీడలో కూర్చున్నట్టుంది.

నీ
కన్నారావు


బతు బస్తీ,
డిసెంబరు.

రత్నం,

ఇంక ఆ బడికి వెళ్లను. శ్రీలక్ష్మికి ఇంకా చెప్పలేదు. ముందు నీకు రాస్తున్నాను.

ఈ రోజు నాటకం మొదటిసారి పెద్దవాళ్ల ముందు ఆడించారు. కొందరు తల్లులు వచ్చి కూర్చున్నారు. మన సందులో కాసులమ్మ కూడా ఉంది, ఆవిడ మనవరాలు అదే బడి. వీరేంద్ర ముందుకొచ్చాడు. "ఈ చేప" అన్నాడు, ఆగాడు. గడ్డం పైకెత్తాడు. కళ్లు గట్టిగా మూశాడు. అరచేత్తో తొడ మీద చిన్నగా కొట్టుకున్నాడు. అప్పుడు "మాది" అన్నాడు.

నేను అలాగే చేస్తానని నీకు తెలుసు. నాకు మాత్రం అప్పుడే తెలిసింది. బయట నుంచి ఎప్పుడు చూసుకున్నాను గనక.

తరవాత రెండోవాడు కూడా అంతే. చుట్టూ నిలబడ్డ ఊరివాళ్లు అంతే. కేథరిన్ తీర్పు చెప్పడానికి లేచి "పంచాయితీ" అనే ముందు ఆగి, గడ్డం ఎత్తి, కళ్లు మూసి, తొడ మీద కొట్టుకుంది. కాసులమ్మ ఉండబట్టలేక "ఒలమ్మా! అచ్చం కన్నారావు అన్నయ్యే!" అని అరిచింది. ఇంక గది గదంతా నవ్వే. ఆవిడకి కల్లాకపటం లేదు, నాకు తెలుసు. అయినా ఇన్నాళ్లూ నోళ్లు తెరిచి చూసింది ఇందుకా, నన్ను వెక్కిరించడానికి నేర్చుకున్నారా అనుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చేశాను. బస్సు కోసం ఆగలేదు. నడిచాను.

నడుస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, కోపం తెచ్చుకోకు.

నేను ఫెర్రీ బోటు పని నుంచి రిటైరైన రోజు జెట్టీ దగ్గర దండ వేసి, రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను ఆ రెండు మాటలూ వారం ముందు నుంచి అనుకుంటున్నాను. బోటు వెనక ఇంజను మోతలో చెప్పి చూసుకున్నాను. లేచాను. "నా భార్య" అన్నాను. ఆగిపోయింది. రాబోతోంది, పెదవి దాకా వచ్చింది. ముందు వరసలోంచి నువ్వు లేచి "అందరికీ నమస్కారాలు చెప్తన్నాడండీ, మా మీద దయుంచండి" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూర్చున్నాను. నేను చెప్పాలనుకున్నది, నా భార్య నూకరత్నం లేకపోతే నేను ఏ ఆఫీసు మెట్టూ ఎక్కేవాణ్ణి కాను అని. అది నీ గురించిన మాట. అది కూడా నన్ను చెప్పనివ్వలేదు.

రేషను షాపులో నువ్వే, డాక్టరు దగ్గర నువ్వే, పిల్ల పెళ్లి మాటల్లో నువ్వే. నాకు కష్టం కలగకూడదనే చేశావు. నేను వద్దన్నానా అంటే అనలేదు. అనాలంటే అదీ ఒక మాటే కదా, సగంలో నువ్వే పూర్తి చేసేదానివి. ఇది రాయడానికి నువ్వు సముద్రం అవతలికి వెళ్లాల్సి వచ్చింది. నేను ఒక్క మాటైనా నా నోటితో ముగించి ఎన్నాళ్లయిందో నాకే తెలీదు, రత్నం. మొదలుపెట్టినవన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయారు.

రాసినది ఒకసారి చదువుకున్నాను. చించేద్దామనుకున్నాను. చించను. పొద్దున్నే పోస్టు చేసేస్తాను.

కన్నారావు


బతు బస్తీ,
డిసెంబరు ఆఖరు.

నా రత్నం,

నిన్న ఫోనులో ఒక్క ముక్కే చెప్పాను. మిగతాది రాస్తున్నాను.

ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చేసరికి మన గుమ్మంలో శ్రీలక్ష్మి, వెనక కేథరిన్, వీరేంద్ర. నేను లోపలికి పోబోతే కేథరిన్ అడ్డం వచ్చింది.

"దాదాజీ, నారాజ్ అయ్యారా, మా మీద కోపమా? మేము గల్తీ ఏం చేశాం, చెప్పండి."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. వీరేంద్రకి ఏడుపొచ్చేలా ఉంది. "ఆ ఆగేది ఎంత ప్రాక్టీసు చేశానో తెలుసా దాదాజీ? అద్దం ముందు చేస్తుంటే మా మమ్మీ, పాగల్ అయిపోయావేంట్రా అంది. అయినా అందరూ నవ్వేశారు. నాకు సరిగ్గా రాలేదా?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తొడ మీద కొట్టుకోవడం, కళ్లు మూయడం, అన్నీ నాటకంలోవే అనుకున్నారు. చదువుకుని నేర్చుంటే కాగితం మీద ఆగే చోటు లేదని తెలిసేది. నా నోటి నుంచి నేర్చారు, అందుకని నా నోరు ఎలా ఉంటే అలాగే పట్టారు.

"అది న... న... నాది. నాటకానిది కాదు. నాకు నత్తి" అన్నాను. ఆ మాట నా నోటితో ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

"అరె!" అంది కేథరిన్. "ముందే చెప్పొచ్చు కదా! నేను చర్చిలో ప్రార్థన కూడా అలాగే చేసేశాను. పాస్టరుగారు ఏమైందమ్మా అన్నారు."

నవ్వొచ్చింది రత్నం. శ్రీలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్లు నవ్వారు. నేనూ గట్టిగా నవ్వాను. వాళ్లకి టీ పెట్టి ఇచ్చాను. టీ తాగుతుంటే తట్టింది. వాళ్లు నా ఆగడాన్ని అంత బాగా నేర్చుకున్నారంటే, ఆగినప్పుడల్లా చివరిదాకా కాచుకుని చూశారనే కదా. తరవాతి మాట ఏమిటో వాళ్లకి తెలీదు. నేను చెబితేగానీ రాదు. అందుకని ఆగారు.

మర్నాటి నుంచి మళ్లీ నేర్పాను, ఒక్కొక్కర్ని పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో గుసగుసగా. "గుసగుసలో మీరు ఒక్కసారి కూడా ఆగట్లేదు దాదాజీ!" అని వీరేంద్ర అందరికీ చాటింపు వేశాడు. అడ్డం పోలేదు. చాటుకోనీ అనుకున్నాను.

నిన్న నాటకం. నేను పక్క తెర వెనక నిలబడ్డాను. అంతా బాగా నడుస్తోంది. తీర్పు ముందు వీరేంద్ర ఒక పెద్ద మాట చెప్పాలి. నోరు తెరిచాడు, మరిచిపోయాడు. మాట నా పెదవి మీదే ఉంది. ఇన్నేళ్ల అలవాటు, అందించడానికి ముందుకు వంగాను కూడా. వాడు నా వైపు చూడలేదు. మాట కోసం వెతుక్కుంటున్నాడు, వాడి మొహంలో కనబడుతోంది. నేను వెనక్కి తగ్గాను. గొంతు నొక్కుకుని నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నువ్వు ఎందుకు ఆగలేకపోయావో కూడా తెలిసింది. మనకి కావలసినవాడు అలా నలుగురిలో నిలబడిపోతే చూడలేం.

వాడు గడ్డం ఎత్తాడు. కళ్లు మూశాడు. తొడ మీద చిన్నగా కొట్టుకున్నాడు. మాట వచ్చింది. ఉప్పెనలా వచ్చింది. ముందు వరసలో కాసులమ్మ నవ్వలేదు, కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చి లుంగీ కట్టుకున్నానో లేదో నీ ఫోను. రెండో ఉత్తరం అందిందని నాకు తెలుసు, ఎందుకంటే దాని తరవాత నువ్వు ఫోను చెయ్యడం మానేశావు. భయంభయంగానే ఎత్తాను. నాటకం సంగతి నీకు కాసులమ్మే చెప్పి ఉంటుంది.

"ఏటి మావా, నాటకం ఎలగయింది?" అన్నావు.

"నాటకం" అన్నాను. తరవాతి మాట దగ్గర నిలబడిపోయాను. బాగయిందా, పిల్లలు బాగా చేశారా, జనం వచ్చారా అని నువ్వు అందుకుంటావని చూశాను. నువ్వు అందుకోలేదు. నీ ఊపిరి వినబడుతోంది. అక్కడ గోడ అవతల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు కూడా వినబడింది. అంతసేపు.

ఇంతలో మంచం మీంచి కామమ్మ గొంతు. "ఏటే అప్పా, లైను కట్టయిపోనాదా?"

నువ్వు దానితో అన్నావు, "నేదే. మీ బావ మాటాడతన్నాడు."

అది విన్నాక నాకు మాట రావడం ఇంకా ఆలస్యమైంది. అయినా నువ్వు ఫోను పెట్టలేదు.

నీ
కన్నారావు