వినే ఉద్యోగానికి పిన్ని దరఖాస్తు

చిరంజీవి చిన్నికి పిన్ని బోలెడన్ని ఆశీస్సులు.

నువ్వు కౌన్సెలింగ్ థెరపిస్టువయ్యావని మీ అమ్మ చెప్పింది. ఏం చేస్తారే అందులో అంటే, వచ్చినవాళ్ళ కష్టాలు వింటుందంది. ఓసినీ! పొద్దున్న లేచింది మొదలు వీధిలో నేను చేసేదీ అదేగా!

మీ బాబాయి గడియారాల షాపుతో పాటు నోరు కూడా మూసేశారు. పలకరిస్తే పేపరు తిప్పుతారు. మనిషి ఏమైపోతారోనని నాకు బెంగగా ఉంది. ఆయనెలాగూ మాట్లాడరు, మాట్లాడేవాళ్ళైనా నా దగ్గరికొస్తారు, నేనూ ఆ ఉద్యోగంలో చేరతాను. ఎలా చేరాలో వెంటనే రాయి.

మీ పిన్ని

తా.క.: కింద వాటాలో కొత్తగా దిగినావిడ విడాకులు నిన్న మెట్ల మీదే ఆపేశాను. ఆవిడకింకా పెళ్ళే కాలేదని తర్వాత తెలిసింది.

*

పిన్నికి నమస్కారాలు.

ఇది అంత తేలిక కాదు పిన్నీ. సైకాలజీలో డిగ్రీ, ఆపైన పీజీ చదవాలి. తర్వాత సీనియర్ల కనుసన్నల్లో చాలాకాలం పని నేర్చుకోవాలి. అన్నిటికంటే ముందు మనమే ఇంకో కౌన్సెలర్ ఎదుట కూర్చుని మన గోడు చెప్పుకోవాలి. ఇంకో మాట, మేం సలహాలివ్వం.

మీ ఇంటి దగ్గర సెంటర్లో మా సీనియర్ ఉంది. ఒకసారి వెళ్ళి కూర్చో, నీకే అర్థమవుతుంది.

నీ చిన్ని

తా.క.: ఆవిడ మౌనంగా ఉంటే కంగారుపడకు. అది కూడా పనే.

*

చిన్నీ, నీ నోట్లో పంచదార పొయ్య!

ఇంటర్వ్యూ దివ్యంగా జరిగింది. కుట్టుమిషను సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి "చెప్పండి" అంది. చెప్పాను. ఎంతసేపటికీ ఉలకదు, పలకదు! అచ్చం మీ బాబాయి జబ్బే. పాపం అనిపించి, పెందలాడే పడుకో తల్లీ, మనసులో ఏదీ దాచుకోకు అని ధైర్యం చెప్పాను. చివర్లో "వచ్చే వారం రండి" అంది. ఉద్యోగం ఖాయం!

మీ పిన్ని

తా.క.: బయట కౌంటర్లో జీతం సంగతి అడగబోతే నన్నే ఫీజు కట్టమన్నారు. డిపాజిట్ అయ్యుంటుంది.

*

అయ్యో పిన్నీ!

అది ఇంటర్వ్యూ కాదు. అక్కడ పేషెంటువి నువ్వు! లోపలి మాటలు మా సీనియర్ ఎవరికీ చెప్పదు. నువ్వు రాస్తేనే నాకు తెలిసింది. తెలిసి ఆఫీసులో పడీపడీ నవ్వాను, క్షమించు.

అంత సరదాగా ఉంటే ఆ సెంటర్లోనే, ఫోనులో జనం గోడు వినే వాలంటీర్లని తీసుకుంటారు. దానికి డిగ్రీ అక్కర్లేదు, వాళ్ళే నేర్పుతారు. కానీ ముందు ఒక పరీక్ష. ఎదుటి మనిషి చెప్పేది సలహా ఇవ్వకుండా అరగంట వినాలి. ఇంట్లో బాబాయి మీద సాధన చెయ్యి.

నీ చిన్ని

తా.క.: ఊఁ కొట్టొచ్చు. ఊఁ తర్వాత "నే చెప్పలా?" అనకూడదు.

*

చిన్నీ తల్లికి,

సాధన చేశాను. సాయంత్రం ఆయన ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నాను. పేపరు కిందికి దించారు. "ఒంట్లో బాలేదా?" అన్నారు. ఊఁ అన్నాను. నుదుటి మీద చెయ్యేసి చూశారు, మంచినీళ్ళు తెచ్చారు, "నేనేమైనా అన్నానా?" అన్నారు. ఊఁ అన్నాను. అప్పుడు నెమ్మదిగా, "పొద్దున్న లేస్తే ఈ చేతులు ఏం చెయ్యాలో తెలీడం లేదే. ఎవరికీ పనికిరానేమో అనిపిస్తోంది" అన్నారు. గొంతుదాకా వచ్చిన సలహాలన్నీ మింగేశాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఎంత తేలికైపోయిందనుకున్నావ్!

ఆ ధైర్యంతో పరీక్షకెళ్ళాను. తోడుగా ఆయన్నీ తీసుకెళ్ళి బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. లోపల ఎదుటావిడ వాళ్ళ అత్తగారి పేరెత్తగానే నేను పక్కింటికి కాపురం మార్చమన్నాను. తప్పాను. ఈలోగా బెంచీ మీద ఎవరో ముక్కూమొహం తెలియనాయన తన సంసారమంతా మీ బాబాయికి చెప్పుకుని, చేతులు పట్టుకుని థాంక్సు చెప్పి మరీ వెళ్ళాడట. అది చూసి సెంటరువాళ్ళు వాలంటీరుగా మీ బాబాయినే తీసుకున్నారు!

ఇప్పుడు షాపుకెళ్ళినట్టే తల దువ్వుకుని వెళ్తున్నారు. ఇంటికొచ్చి గలగలా మాట్లాడుతున్నారు. అక్కడ ఎవరేం చెప్పారో మాత్రం చచ్చినా చెప్పరు. ఊరందరి కథలూ తెలిసిన మొగుణ్ణి ఎదురుగా పెట్టుకుని ఒక్క ముక్కా తెలియకుండా నేనెలా బతకనే?

మీ పిన్ని

తా.క.: రోజూ ఆయన చెప్పుకునేది వినే ఉద్యోగం నాకొచ్చింది. నిన్న ఉండబట్టలేక ఒకే ఒక్క సలహా ఇచ్చాను. "మన టైమైపోయింది, వచ్చే వారం కలుద్దాం" అని లేచి వెళ్ళిపోయారు.