గొర్రె పెట్టిన దండం

అల్లూరు,
1962 ఏప్రిల్ 3 మొదలు 8 వరకు.

ప్రియమైన కుమార్తె జయశీలకు,

ప్రభువు కృప నీకు తోడుండాలని దీవిస్తూ అమ్మ రాయునది. ఇక్కడ అందరం వేళకు తిని తిరుగుతున్నాం. ఈ ఉత్తరం ఆరు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. కారణం చివర చెబుతాను.

నర్సు చదువులో శరీరశాస్త్రం పరీక్ష తప్పావనీ, ఇరవై అయిదో తేదీన మళ్ళీ రాయమన్నారనీ, నీ వల్ల కాదనీ, పెట్టె సర్దుకుని మదరాసు నుంచి వచ్చేస్తాననీ రాశావు. కనెక్టివ్ టిష్యూ పాఠమే బుర్రకెక్కడం లేదన్నావు. నాకు ఆ పేరు నోరు తిరగలేదు. నాన్న రెండుసార్లు చదివి, ఒంట్లో ఒకదాన్నొకటి కలిపి పట్టి ఉంచేదట అన్నారు.

ఓస్, అదా! మన గుడి కోతపండుగ విందుకు ఏటా పొట్టేలు కాళ్ళు మన ఇంటికే వస్తాయి. పదేళ్ళప్పటి నుంచి కత్తిపీట ముందు నా పక్కన కూర్చున్నది నువ్వే. గుర్తు తెచ్చుకో. తోలు లాగితే కింద తెల్లగా, సాలెగూడులా సాగేది ఒకటి. తోలును కండకు అంటిపెట్టి, అయినా కాస్త జారనిచ్చేది అదే. కండ చివర తెల్లటి తాడులా బిగిసి ఎముకకు అంటుకునేది ఇంకొకటి. అది సాగదు. కండ లాగిన లాగుడంతా ఎముకకు చేరవేస్తుంది. నువ్వు ఆ తాడు పట్టి లాగి, గిట్ట ముడుచుకుంటే గొర్రె దండం పెడుతోందని అత్తను నవ్వించేదానివి. ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే కట్టు వేరు. కీలు పక్కకు తొలగకుండా పట్టేది అది. చెవిలో ఉండేది, వంచితే వంగి మళ్ళీ నిలిచేది, మెత్తటి ఎముక. కాళ్ళ పులుసు చల్లారితే గడ్డ కడుతుందే, ఆ జిగురు వీటిలోదే. ఎముక, కొవ్వు, రక్తం కూడా ఇదే కుటుంబమని నువ్వే రాశావు. రక్తం సంగతి నాకు వింతగా ఉంది గానీ, పుస్తకాన్ని నమ్ము.

పేరు పట్టుకుని వస్తువును వెతకకు. ముందు కాలును కళ్ళముందు పెట్టుకో, తర్వాత ఒక్కోదానికి పేరు తగిలించు. ఏడు పేర్లు. రోజుకొకటి అనుకున్నా వారంలో అయిపోతుంది. పరీక్ష రాసి రా, తలుపు తీసే ఉంటుంది. రాయకుండా మాత్రం రాకు.

ఇట్లు, నువ్వు ప్యాసవుతావని తెలిసిన
మీ అమ్మ,
రెబెక్కమ్మ.

తా.క. ఇదంతా ఎడమచేత్తో రాశాను. పోయిన నెల కోతపండుగనాడు పొట్టేలు కాలు జారి, నా కుడి చూపుడువేలు వెనకవైపు కత్తిపీటకు తెగింది. మీ మగ్దలీనమ్మత్త పసుపు అద్ది గుడ్డ చుట్టి, రగతం నిలిచిపొయ్యింది గదా వొదినా, ఇంకేంది దిగులు, పులుసు మాడతాంది చూడు అంది. నొప్పి పెద్దగా లేదు. కానీ వేలు ఎత్తబోతే లేవలేదు. నీ గొర్రె దండం గుర్తొచ్చింది. లోపల తాడు తెగిందని తెలిసిపోయింది. పులుసు అత్తకు అప్పగించి, నాన్నతో అప్పుడే నెల్లూరు బస్సెక్కాను. డాక్టరుగారు రెండు కొసలూ వెతికి పట్టి కుట్టారు. అందరూ పసుపు కట్టుకుని పది రోజులు పోయాక వస్తారే, నీకెవరు చెప్పారమ్మా అని అడిగారు. నర్సు చదివే మా అమ్మాయి అన్నాను. ఆ మాట నిలబెట్టు. పోయిన నెల ఉత్తరం నాన్నచేత రాయించింది ఇందుకే. చెప్పి ఉంటే పెట్టె సర్దడానికి నీకు సాకు దొరికేది.

నిన్న కట్టు విప్పారు. వేలు లేచింది. ఈ ఒక్క వరుస కుడిచేత్తో.