నీలం తలుపు ముందు ఎదురొచ్చే మనిషి

వాటర్‌ఫోర్డ్, సెప్టెంబరు 20

ఫుట్‌బాల్ అభిమానుల సంఘం కార్యదర్శి రాబర్ట్ గారికి, డాక్టర్ రాజ్‌కిరణ్ తల్లి సత్యవాణి చెప్పి రాయించునది.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే నా కోడలు అపర్ణ రాసి, ఇంగ్లీషు చేసి పంపుతోంది. మీ జవాబు తెలుగులో వినిపించేదీ తనే. కాబట్టి తిట్టదలిస్తే మర్యాదగా తిట్టండి.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు నేను పాలు కొనుక్కుని ఇంటికి వస్తాను. మీ ఆట ఉన్న రోజుల్లో మీవాళ్లు పాతికమంది, మెడలో చారల మఫ్లర్లతో, ఆ నీలం తలుపు పబ్బు ముందు బయల్దేరడానికి నిలబడి ఉంటారు. నేను మలుపు తిరుగుతానో లేదో, అందరూ గిరుక్కున లోపలికి పోతారు. తలో గ్లాసూ తాగి మళ్లీ బయల్దేరతారు. ఇలా మూడుసార్లు జరిగింది.

నాకు తెలియదనుకున్నారా? మా ఏలూరు వైపు మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే వెనక్కి వెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. మీరు మంచినీళ్లకు బదులు నల్లబీరు తాగుతున్నారు, అంతే తేడా. ఇరవై రెండేళ్లుగా ఎవరు శుభానికి బయల్దేరినా నేను తలుపు చాటుకు తప్పుకున్నాను. ఇంత దూరం వచ్చాక ఇక్కడ కూడా తప్పుకోను. దారి మార్చను. పాలూ మానను.

ఇట్లు,
సత్యవాణి (వేలిముద్ర)

తా.క.: మీలో పొడుగాటి ఎర్రజుట్టు మనిషి నన్ను చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుంటున్నాడు. మా అబ్బాయి గుండె డాక్టరే. అంత భయమైతే వచ్చి చూపించుకోమనండి.

సెప్టెంబరు 25

గౌరవనీయులైన సత్యవాణి గారికి,

మీ ఉత్తరం పబ్బులో అందరికీ చదివి వినిపించాను. సుమారు ఒక నిమిషం పాటు ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు.

మిమ్మల్ని అవమానించాలని మాకు లేదు. ఆట రోజు మాకొక పద్ధతి ఉంది. ముందు రెండు గ్లాసులు, తరువాత బయటికి రావడం, తరువాత మీరు... ఇంతకు మించి చెప్పలేను. బయటికి చెబితే పద్ధతి పోతుంది. అందులో మీ ప్రమేయం ఉన్న మాట మాత్రం నిజం.

మీ మనసు కష్టపెట్టకూడదని కమిటీ తీర్మానించింది. అక్టోబరు 3 ఆటకు మేం వెనక తలుపు నుంచి వెళతాం. మీ కంటపడం.

మీ విధేయుడు,
రాబర్ట్

తా.క.: ఎర్రజుట్టాయన్ని అడిగాను. గుండె భేషుగ్గా ఉందట. కిందటేడు కాలు విరిగినప్పుడూ అదే అన్నాడు.

అక్టోబరు 4

రాబర్ట్ గారికి సత్యవాణి చెప్పునది. నమస్కారాలు లేవు.

నిన్న నేను పాలసంచీతో మలుపు తిరిగితే వీధిలో నరపురుగు లేదు. మీరంతా చెత్తడబ్బాల సందులోంచి వెళ్లారట. మా ఊళ్లో నన్ను చూసి ఆగినవాళ్లున్నారు గానీ, దొడ్డిదారిన పారిపోయినవాళ్లు లేరు. కారణం నోటితో చెప్పడానికి కూడా జంకేంత అపశకునమా నేను? అయినా మూడు గోల్స్‌తో ఓడారట కదా. నా మొహం చూడకుండా వెళ్లే ఓడారు. ఇప్పుడెవరి మీద వేస్తారు?

వచ్చే ఆటకు నీలం తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వెనక తలుపు దగ్గర అపర్ణ కూర్చుంటుంది. ఎటు వస్తారో రండి.

సత్యవాణి (వేలిముద్ర, ఈసారి గట్టిగా)

తా.క. (అపర్ణ రాస్తున్నాను): నేను కూర్చోను, నాకు ఆఫీసుంది. కుర్చీ మాత్రం కొన్నారు. మడత కుర్చీ.

అక్టోబరు 18

గౌరవనీయులైన సత్యవాణి గారికి,

ఈ ఉదయం కమిటీ అత్యవసరంగా కూర్చుని, మీ ఒక్కరికి మా పద్ధతి చెప్పవచ్చని పదమూడుకు పన్నెండు ఓట్లతో ఒప్పుకుంది.

ఈ ఏడాది మొదట్లో వరసగా ఏడు ఆటలు ఓడాం. ఆగస్టు 22న బయల్దేరబోతుంటే ఎర్రజుట్టాయన మఫ్లర్ లోపల మరచిపోయానన్నాడు. సరిగ్గా అప్పుడే మీరు పాలతో ఎదురొచ్చారు. ఆయనతో పాటు అందరం లోపలికి వెళ్లి, ఊరికే నిలబడలేక మూడో గ్లాసు తాగాం. ఆ రోజు గెలిచాం. అప్పటినుంచి మీరు ఎదురొస్తే తప్ప మూడో గ్లాసు ముట్టం. ఆయన మఫ్లర్ ప్రతిసారీ కావాలనే మరచిపోయి, మిమ్మల్ని చూడగానే గుండె మీద తడుముకుంటున్నాడు. మీరు ఎదురొచ్చిన ప్రతి ఆటా గెలిచాం. మిమ్మల్ని తప్పించుకున్న ఒక్క ఆటా ఓడాం. నిన్న మీరు కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి కళ్లలోకి చూశారు. నాలుగు గోల్స్‌తో గెలిచాం.

అక్టోబరు 31న ఆఖరి ఆట. ఓడితే కింది డివిజన్‌కు పోతాం. దయచేసి ఎదురు రండి.

మీ విధేయుడు,
రాబర్ట్

తా.క.: మీ చేతిలో ఉండే పాలు లీటరా, రెండు లీటర్లా అన్నదానిపై కమిటీ రెండుగా చీలింది. దయచేసి తేల్చగలరు.

అక్టోబరు 22

చిరంజీవి రాబర్ట్‌కు సత్యవాణి ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి అపర్ణ తప్పు చదివిందనుకున్నాను. రెండోసారీ అలాగే చదివింది. మూడోసారి ఊరికే.

ఒక చిక్కుంది నాయనా. ఆ 31నే ఏలూరులో మా తమ్ముడు కామేశ్వరరావు మనవరాలి పెళ్లి. నాకు టిక్కెట్టు కొన్నారు. పెళ్లికూతురు బయల్దేరేటప్పుడు నేను కూర్చోవలసిన వెనక గది కూడా చూసి పెట్టారు. ఏసీ ఉందట.

నీ ఉత్తరం వాడికి ఫోన్లో చదివించాను. మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు. తరువాత, "అక్కా, అయితే పిల్లకి నువ్వే ఎదురు రా" అన్నాడు.

ఇరవై రెండేళ్లకు వాడి నోట ఆ మాట విన్నాను. ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. "కుదరదురా, రాబర్ట్ ముందడిగాడు" అన్నాను.

పిల్లకి అన్యాయం చెయ్యను. ముహూర్తం ఉదయం, మీ ఆట సాయంత్రం. దానికి వీడియోలో ఎదురొచ్చి, తరువాత మీ పని చూస్తాను. ఆరున్నరకు అందరూ ముందు తలుపు దగ్గరే ఉండండి. నేను రాకముందే మూడో గ్లాసు ముట్టినవాడి మొహం చూడను.

ఇట్లు,
సత్యవాణి (వేలిముద్ర)

తా.క.: పాలు లీటరే. కానీ ఆ రోజు రెండు చేతుల్లో చెరో లీటరూ తెస్తాను. కమిటీని కలిసి ఉండమను.

మళ్లీ తా.క. (అపర్ణ): ఇది అత్తయ్యకు చెప్పకండి. ఆగస్టు 22న మా ఇంట్లో పాలు నిజంగానే అయిపోయాయి. ఆ తరువాతి శుక్రవారాలన్నీ ఫ్రిజ్ నిండా పాలుండగానే వెళ్లారు. ఎవరికైనా పెరుగు కావాలంటే గిన్నె తెచ్చుకోండి.