మూడో డిస్కు మీద బొట్టుబిళ్ళ

నౌపడ,
సోమవారం

సాలూరు లారీల మోతలో కూడా నా మాట ఇనిపించుకునే మా అనూరాధ వదినకి,

ఫోనులో సెప్పడానికి నోరు పెగల్లేదు, అందుకే రాస్తన్నాను. మా అన్నయ్యకి సూపించకు. సేతిలో గిన్నె ఏదైనా ఉంటే కింద పెట్టీసి, కూకుని సదువు.

నీ తమ్ముడి ఉద్యోగం పోయీలాగున్నాది. పోగొట్టింది నేనే.

నేను ఊడ్సి తుడిసే స్కానింగ్ సెంటర్లోనే కదా ధర్మేంద్ర కంప్యూటర్ల పని సూస్తాడు. అక్కడ ఏసీ గదిలో ఒక నల్ల పెట్టె ఉన్నాది. ఈ సుట్టుపక్కల కిడ్నీ రోగులందరి స్కాన్లూ అందులోనే. లోపల నాలుగు డిస్కులు, ఒక్కోదానికీ ఒక పచ్చ లైటు. డిస్కు సస్తే దాని లైటు ఎర్రగా మారతాది. అన్నయ్య లారీకి ఒక టైరు పేలినా మెల్లగా షెడ్డుదాకా వస్తాది సూడు, అలాగ మిగతా మూడూ కలిసి లాగిస్తాయి. ఏ స్కానూ పోదు. దీన్నే రెయిడ్ అంటారట. కానీ ఈలోగా కొత్త డిస్కు పెట్టీయాల. పెట్టకుండా రెండోది కూడా సచ్చిందా, మొత్తం గోవిందా.

ఇదంతా నాకు సెప్పింది మీవోడే. నాలాంటిదానికి సెప్పొచ్చా? వరసకి మరిది, నేను కాక ఇంకెవరు ఆటపట్టిస్తారు? పోయిన నెల నా నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ళ తీసి మూడో డిస్కు లైటు మీద అంటించీసినాను. మీవోడు తింటున్న ఉప్మా వదిలీసి, జోళ్ళు లేకుండా ఓనరు మోహనకృష్ణ గారి దగ్గరికి పరుగెట్టినాడు. “సార్, మూడోది పోయింది సార్!” ఆయనొచ్చి వేలు పెడితే బొట్టు ఆయన వేలికి అంటుకుని వచ్చింది. నవ్వలేక సచ్చినాననుకో. ఓనరు మాత్రం నన్ను నాలుగు తిట్టి, “ఏదైనా గానీ, ఈ గదికి దిష్టి తగిలింది” అని కల్లుప్పూ ఎండుమిరపకాయలూ మూటగట్టి ఆ పెట్టె పైన ఏలాడదీయించినాడు.

మొన్న ఆ మూడోదానికే నిజంగా ఎర్ర లైటు వచ్చింది, వదినా. “కుమారొదినా, ఈ జోకు పాతబడిపోనాది” అని అరిసినాడు మీవోడు. నేను వరండా తుడుస్తన్నాను. ఏటో అంటన్నాడులే అని నవ్వీసినాను.

ఈ పొద్దున్న లక్ష్మణమ్మత్త వచ్చింది. పాత స్కాను పక్కన పెట్టి సూస్తేగానీ కిడ్నీ ఎంత కుంగిందో తెలీదు, ఏ మందూ రాయలేనన్నారు డాక్టరు. మీవోడు నొక్కితే తెర మీద ఏటీ లేదు. ఆ ముసిల్దానిదే కాదు, ఎవరిదీ లేదు. ఏసీ గదిలోకి ఎల్తే రెండో డిస్కుకి కూడా ఎర్రలైటు. మూడోదాన్ని గోటితో గీకినాడు. రాలేదు. రెండోదాన్ని గీకినాడు. రాలేదు. అప్పుడు తిరిగి నా నుదురుకేసి సూసినాడు. నా బొట్టు నా నుదుటనే ఉన్నాది.

ఆ సూపు ఇంకా నన్నొదల్లేదు వదినా.

రేపు విశాఖపట్నం నుంచి ఇంజనీరు వస్తాడట. ఆయన ఎదట తప్పు నాదని సెప్పీసి పని మానీస్తాను. మీవోడిని ఉంచితే సాలు.

కొట్టినా తిట్టినా నీ ఆడపడుచే,
కుమారి

నౌపడ,
గురువారం

ఇంకా బతికే ఉన్నావని నమ్ముతూ, మా వదినకి,

ఇంజనీరు వచ్చినాడు. నేను ఎదటికెల్లి సేతులు కట్టుకుని “బాబూ, తప్పంతా నాది” అన్నాను. “కొంచెం పక్కకి జరగండమ్మా, లైటు పడట్లేదు” అన్నాడు. నా పాపానికి అంత విలువిచ్చినాడు.

మూడో డిస్కు నిజంగానే పోయిందన్నాడు. రెండోది లాగి, దాన్ని పెట్టెకి కలిపే కనెక్టరు మీద టార్చి ఏసినాడు. ఆ బంగారు రంగు పళ్ళకి పచ్చగా సిలుం పట్టీసున్నాది. వేలితో తడిమి నాలిక్కి రాసుకుని, “ఇదేంటండీ, ఉప్పగా ఉంది?” అన్నాడు.

అందరం ఒక్కసారే పైకి సూసినాం. ఓనరు గారి దిష్టి మూట! ఈ వానలకి ఉప్పు సెమర్సి, నీరు కారి, పెట్టె పైనున్న కంతల్లోంచి సుక్క సుక్కగా లోపలికి దిగిపోనాది. ఉప్పుమళ్ళ పక్కన పుట్టి, ఉప్పు ఇనుముని తినీస్తాదని తెలిసినోళ్ళం. ఒక్కరికీ తట్టలేదు సూడు!

“దిష్టి పోయింది సార్, దాంతోపాటు పెట్టె కూడా పోయింది” అన్నాను.

“ఆ మూట ఎందుకు కట్టించినాను? నీ బొట్టు వల్ల కాదూ?” అన్నాడాయన.

సూసినావా వదినా, ఎటు తిరిగీ నా నుదుటికే వచ్చింది.

కానీ ఆ రెండో డిస్కు సావలేదు. పళ్ళు తుడిసి, పెట్టెలో ఖాళీగా ఉన్న ఇంకో అరలోకి మార్చి పెట్టీసరికి పచ్చ లైటు! తెర మీద లక్ష్మణమ్మత్త కిడ్నీ. నీ తమ్ముడు గోడకి తిరిగి ఏడ్సినాడు. కొత్త మూడో డిస్కు పెడితే, మిగతా మూడూ తమ దగ్గరున్న లెక్కలతో దాన్ని నింపడానికి ఒక పగలంతా పట్టింది. ఎప్పుడూ ఒక స్పేరు డిస్కు ఎక్కించి ఉంచమన్నాడు ఇంజనీరు. “స్టెప్నీ అని సెప్పొచ్చుగా బాబూ” అన్నాను. ఎవరి పనీ పోలేదు.

అయితే మీవోడు ఇప్పుడు పొద్దున్నే వచ్చి నాలుగు లైట్లనీ గోటితో గీకి సూస్తన్నాడు. పచ్చగా ఎలుగుతున్నవాటిని కూడా. నవ్వొస్తాదనుకున్నాను. రాలేదు. ఈ పొద్దున్న నా బొట్టుబిళ్ళల అట్టలన్నీ పొయ్యిలో పడీసి, కుంకం పెట్టుకుని ఎల్లినాను.

“సూడు మరిదీ, ఇది ఊడొచ్చి దేనికీ అంటుకోదు. ఇకమీదట ఎర్రగా కనబడితే నమ్ము.”

నా నుదురుకేసి సూసి, లైటు గీకబోతున్న సెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

సాలూరు నుంచి ఈసారి బొట్టుబిళ్ళలు పంపకు. మంచి కుంకం పంపు.

నీ అల్లరి ఆడపడుచు,
కుమారి