నాన్న చెప్పిన అర్థం

ప్రియమైన బుజ్జికి,

నా ప్రసంగాల నోటుపుస్తకాలు తొమ్మిదీ పంపుతున్నాను. నేను పాస్టరు పని మానుకునేలోగా వాటిని అచ్చు వేయాలని సంఘం వాళ్లు పట్టుబట్టారు. బైబిలు రాసిన పాత భాషలు చదివినదానివి కాబట్టి సరిచూసే పని నీ నెత్తిన పడింది. కాలేజీలో పిల్లలవి దిద్దినట్టే నావీ దిద్దు, మొహమాటపడకు. వేళకి తింటున్నావా?

మీ నాన్న

ప్రియమైన నాన్నకు,

నీ రాత చదివేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ‘అభిషిక్తుడు’ మీద నువ్వు రాసింది బాగుంది. రాజులనీ యాజకులనీ అలా పిలిచేవారు, ఒకచోట ఆ దేవుణ్ణి ఎరగని పరాయి రాజుని కూడా అలాగే పిలిచారు. నేను దిద్దాల్సిందేమీ కనబడలేదు.

కానీ నా పాపను మట్టిచేసిన రోజు నువ్వు చెప్పింది ఇంతవరకు చదివిన నాలుగింటిలో లేదు. “ప్రభువు తనని మనుష్యకుమారుడు అనుకున్నాడంటే, అది గొప్ప బిరుదేం కాదమ్మా. మనిషికి పుట్టిన బిడ్డ, అంతే. మన పాపలాగే నొప్పికి ఏడ్చినవాడు” అన్నావు. అది చేరుద్దామని ఆ రోజు తర్వాత మొదటిసారి మూల గ్రంథాలు తీశాను. ఆరేళ్లుగా క్లాసులో ఆ పుటలు దాటేసేదాన్ని, భయమేసి. ఒక ప్రవక్తను దేవుడు అలా పిలిచినప్పుడు మామూలు మనిషనే అర్థం. తర్వాత ఇంకో ప్రవక్త దర్శనంలో మాత్రం ఆ పేరున్నవాడు మేఘాల మీద వచ్చి రాజ్యం అందుకుంటాడు. ఇంకో యూదు గ్రంథంలో సింహాసనమెక్కి తీర్పు తీరుస్తాడు. సువార్తల్లోనూ ఆ మేఘాలే కనబడుతున్నాయి. ఏడ్చే బిడ్డ నాకెక్కడా దొరకలేదు. నేను చూడనిదేమైనా ఉందా నాన్నా? ఉంటే చెప్పు.

నీ బుజ్జి

ప్రియమైన బుజ్జి తల్లికి,

పొరపాటే అయ్యుంటుంది. నాకంత చదువెక్కడిది? ఆ మాట వదిలేసి మిగతావి కానివ్వు. ఇక్కడ వారం నుంచి ముసురు. ప్రార్థన గది గోడలు చెమ్మెక్కాయి, పాటల పుస్తకాలు బూజుపట్టాయి. ఆరోగ్యం జాగ్రత్త.

నాన్న

నాన్నా,

ఐదో నోటుపుస్తకం తెరిచాను. పాప పోవడానికి మూడు వారాల ముందు తేదీ వేసి ఉంది. “మనుష్యకుమారుడంటే దీనుడు అని మాత్రమే బోధించేవారు పొరబడుతున్నారు. ఇది మేఘాల మీద వచ్చి సర్వాధికారం పొందేవాడి పేరు.” నీ చేత్తోనే రాసి, కింద రెండు గీతలు కొట్టుకున్నావు.

నీకు తెలుసు. తెలిసే చెప్పావు.

పాప పోయాక నా దగ్గరకొచ్చిన ప్రతివాళ్లూ దేవుడి చిత్తం అన్నారు. వాళ్లందరి మొహాలూ మర్చిపోయాను. నీ ఒక్క మాట పట్టుకుని ఆరేళ్లు లేచాను, క్లాసుకెళ్లాను, అన్నం తిన్నాను. ఇప్పుడు కాళ్ల కింద నేల లేదు. ఎందుకు చెప్పావు? ఈసారి చదువు లేదని తప్పించుకోకు.

బుజ్జి

ప్రియమైన బుజ్జికి,

జవాబు రాయడానికి పదిహేను రోజులు పట్టింది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

తెలుసు తల్లీ. పాపను మట్టిచేసిన ఆ ఉదయం, గుంట దగ్గర చదవాల్సిన కాగితం కూడా నా జేబులో ఉంది. మేఘాలు, సింహాసనం, మహిమ, అన్నీ రాసుకున్నాను. పాప ఉన్న పెట్టెను నువ్వే ఎత్తుకొచ్చావు. మీ ఆయన అడిగినా ఇవ్వలేదు. గుంట దగ్గరకొచ్చాక కూడా దించలేదు. వాన మొదలైంది, జనం ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. తవ్వినవాళ్లు నా మొహంకేసి చూశారు. నీ చేతులు నీలంగా మారాయి. సింహాసనం గురించి చెబితే నువ్వు దించుతావా? కాగితం జేబులోనే ఉంచి నోటికొచ్చింది చెప్పాను. అప్పుడు నీ చేతులు సడలాయి.

వాక్యాన్ని తెలిసి తప్పుగా చెప్పడం నా జీవితంలో అదొక్కసారే. ఆ తర్వాత ఏ సమాధి దగ్గర నిలబడినా నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు పని మానుకుంటున్నది అందుకే. సంఘానికి వయసని చెప్పాను.

అచ్చులో మాత్రం ఐదో నోటుపుస్తకంలో ఉన్నదే వెయ్యి. ఆ బిరుదుకి సరైన అర్థం అదే. నీకు చెప్పింది అర్థం కాదమ్మా. నీ చేతుల్లోంచి పాపను తీసుకోవడానికి నాకు ఇంకో దారి కనబడలేదు.

మీ నాన్న