పున్నమ్మ హాజరు

పినపాక అడవి క్యాంపు,
ఏప్రిల్.

కార్యదర్శి ఆదినారాయణ గారికి, సుమేరా నమస్కారాలు.

జులైలో బెంగళూరులో జరిగే పక్షుల సదస్సుకు నా పేపరు ఎంపికైంది. ముప్పై అయిదేళ్లలోపు యువ శాస్త్రవేత్తలకు మీ సంస్థ ఇచ్చే ప్రయాణ సహాయం కోసం దరఖాస్తు పంపుతున్నాను. ఇక్కడ సిగ్నల్ లేదు, అందుకే పోస్టు. ‘క్యాంపులో మీతో ఉన్నవారు’ అన్న చోట పోతయ్య, పున్నమ్మ అని రాశాను. రెండేళ్లుగా నా పని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు సార్. అక్కడ ఒక్కరడిగినా చాలు.

ఇట్లు,
సుమేరా

తా.క. పోతయ్య సంతకం అడగకండి. ఎప్పుడు చూసినా నోటినిండా మేడిపళ్లే.

*

హైదరాబాద్.

కుమారి సుమేరా గారికి,

సహోద్యోగి ధ్రువీకరణ లేనిదే దరఖాస్తు కదలదు. పోతయ్యకు చదువు రాకపోతే వేలిముద్ర చాలును. లేదా పున్నమ్మ గారి సంతకం పంపగలరు.

భవదీయుడు,
ఆదినారాయణ

తా.క. పనివేళల్లో మేడిపళ్లు తింటే మా ఆఫీసులో మెమో ఇస్తాం.

*

పినపాక, మే.

ఆదినారాయణ గారికి నమస్కారం.

పున్నమ్మ సంతకం కూడా కుదరదు. నెల రోజులుగా లోపలే ఉంది. వాకిలంతా మట్టితో మెత్తేసి ఉంది. చిన్న సందులోంచి పోతయ్య తిండి అందిస్తున్నాడు. పిల్లలు కాస్త పెరిగేదాకా బయటికి రాదు. వీళ్లలో ఇది మామూలే.

నిన్న ఉప్పు కోసం వెళ్తే కొట్టు ముక్తార్ భాయ్, “అడవిల ఒక్కదానివే ఎట్లుంటున్నవ్ బేటీ?” అన్నారు. “ఒక్కదాన్నేంది, పున్నమ్మ లేదా?” అన్నాను. పాపం, ఉప్పుకు డబ్బులు తీసుకోలేదు.

మీ
సుమేరా

తా.క. పోతయ్య నిన్న తొండను కూడా తెచ్చి పెట్టాడు. పున్నమ్మ ఇష్టంగా తిన్నది.

*

హైదరాబాద్.

కుమారి సుమేరా గారికి,

ఒక బాలింతను గదిలో పెట్టి గోడ కట్టి తొండలు తినిపిస్తుంటే చూస్తూ కూర్చున్నారా? మీరు చదువుకున్నవారేనా? ఆమెను తక్షణం విడిపించండి. లేకుంటే పోలీసులకు రాస్తాను. అంతవరకు మీ దరఖాస్తు నిలిపివేయడమైనది.

ఆదినారాయణ

తా.క. పోతయ్య వేళకు పెడుతున్నాడా? మా ఆవిడ పోయాక నాకు వేళకు తిండన్నదే లేదు.

*

పినపాక.

అయ్యో ఆదినారాయణ గారూ!

వాళ్లు పిట్టలు సార్! హార్న్‌బిల్ జంట. ఆడపిట్ట చెట్టుతొర్రలో దూరి, తానే వాకిలి మెత్తుకుని గుడ్లు పొదుగుతుంది. మగపిట్ట మోసుకొచ్చి పెడతాడు. రోజూ వాళ్లతోనే మాట్లాడి మాట్లాడి, మీకు తెలియదన్న సంగతే మరిచాను.

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. ఇక్కడ నాతో మనుషులెవరూ లేరు సార్. దరఖాస్తులో ఆ గడిలో ‘ఎవరూ లేరు’ అని రాయడానికి చెయ్యి రాలేదు.

సుమేరా

తా.క. మీ మెమో సంగతి పోతయ్యకు చెప్పాను. నా నెత్తిన రెట్ట వేశాడు. దాన్నే వేలిముద్ర అనుకోండి.

*

హైదరాబాద్, జూన్.

చి. సుమేరాకు,

సహోద్యోగికి రెక్కలుండరాదని మా నియమాల్లో ఎక్కడా లేదు. ప్రయాణ సహాయం మంజూరైనది.

ఆదినారాయణ

తా.క. పిల్లలు ఎగిరితే ఒక ముక్క రాయి. ఇది ఆఫీసు పని కాదు.

*

పినపాక, జులై.

ఆదినారాయణ గారికి,

మీకు ముక్క రాసే తీరిక లేకుండానే సదస్సుకు బయల్దేరాను. భోజనాల తర్వాత నా వంతు. సగం హాలు ఖాళీ, మిగతా సగం కునుకుపాట్లు. చెప్పడం ముగించాను. “ప్రశ్నలున్నాయా?” అని అధ్యక్షులు అడిగారు. ఎవరూ పలకలేదు. కాగితాలు సర్దుకుంటున్నాను.

వెనక వరుసలో ఒక పెద్దాయన లేచారు. “మరి పున్నమ్మ పిల్లలు ఎగిరినయా అమ్మా?” అన్నారు.

జవాబు దగ్గరికెళ్లి చెబుదామని కాగితాలు అక్కడే వదిలేశాను. కిందికి దిగేసరికి ఆయన లేరు.

నా పేపర్లో ఆ పేరే లేదు సార్, జంట నంబరు మాత్రమే ఉంది. ఆ పేరు తెలిసిన ముక్తార్ భాయ్ కొట్టు వదిలి కదలరు. ఇక మిగిలింది మీరే.

ఎగిరినయ్ సార్. రెండూ ఎగిరినయ్.

మీ
సుమేరా

తా.క. ముప్పై అయిదేళ్లు దాటినవాళ్లకు మీ సంస్థ ప్రయాణ సహాయం ఇవ్వదు కదా, మరి మీరెట్ల వచ్చిండ్రు?